వదినె నోరు కరీంనగర్‌లో ఉన్నది

మంకమ్మతోట, కరీంనగర్
ఆషాఢ మాసం

రాధకు,

నీ ఉత్తరం అందింది. ఇచ్చేటప్పుడు పోస్ట్‌మాన్ నన్ను జాలిగా చూశాడు. చేత్తో చిరునామా రాసిన కవరు ఈ గల్లీలోకి వచ్చి చాలా కాలమైంది కదా. “కోర్టు నోటీసా సార్?” అన్నాడు. “గాదయ్యా, పెండ్లాం రాసింది” అంటే, “రెండు ఒక్కటే గద సార్” అని బండి ఎక్కి పోయాడు. వాడికి నిరుడే పెళ్లయింది. ఇంత తొందరగా జ్ఞానం వచ్చినవాణ్ణి నేను చూడలేదు.

ఫోన్ వద్దు, ఉత్తరమే రాయమన్నావు. నిజమే. ఫోన్లో నీ నుంచి “ఆఁ”, “ఊఁ”, “మందులేసుకున్నరా” తప్ప ఏమీ రాలవు. మీ అక్క, నా వదినె మంచం పక్కనే కూర్చుంటావు. పక్షవాతం ఆమె మాటనూ కుడిచేతినీ తీసుకుపోయింది గాని చెవులను ముట్టుకోలేదు. వింటున్న మనిషి ముందు ఆమె సంగతి ఎలా చెబుతావు?

ఇక వదినెకు మాట వచ్చే దారి చూడమని నువ్వు అడిగిన పని. ప్రణతి కూడా హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. మీ అన్న మనుమరాలు కాబట్టి మెచ్చుకోవడం లేదు గాని పిల్లకు బుర్ర ఉన్నది. టాబ్లెట్ మీద బొమ్మల గళ్లు ఉంటాయట. గ్లాసు బొమ్మ నొక్కితే “నీళ్లు గావాలె” అని, కిటికీ నొక్కితే “కిటికి తెరువు” అని వినిపిస్తుందట. కాలేజీలో మొదలుపెట్టిన ప్రోగ్రామునే వదినె కోసం సరిచేసిందట. అయితే ఆ ప్రోగ్రాం టాబ్లెట్‌లో ఉండదు. ఇంకెక్కడో ఒక పెద్ద యంత్రం మీద కూర్చొని, నొక్కినప్పుడల్లా నెట్ దారిన మాట పంపుతుంది. ఆ కూర్చోబెట్టే పీటనే సర్వర్ అంటారు.

“అద్దెకు దొరుకుతయి తాతా, గండ్ల పెడ్త” అన్నది. నేనే వద్దన్నాను. మా టైపు ఇన్‌స్టిట్యూట్ మూసినప్పుడు మిగిలిన కంప్యూటర్ ముందు గదిలో ఉన్నది. కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ దానికి వేసింది నేనే, పుస్తకం ముందు పెట్టుకొని. టైపు మిషన్లు బాగుచేయడం నాకెవరూ నేర్పలేదు, ఇదీ ఎవరూ నేర్పలేదు. విప్పడం, బిత్తరపోవడం, మళ్లీ బిగించడం. నా చదువంతా ఈ మూడు ముక్కలే. నీకు టైపు నేర్పబోయి ఓడిపోయాను గాని, అది నా తప్పు కాదు. చిటికెన వేలు ఎత్తనంటే ఎత్తనన్నావు.

వదినెకు నమస్కారాలు. నేను మంచిగానే తింటున్నాను.

చొక్కారావు


భుక్తాపూర్, ఆదిలాబాద్

మహారాజశ్రీ వారికి,

మంచిగ తింటున్న అని రాసిండ్రు గాని ఏం తింటున్నరో రాయలే. అంటే హనుమండ్లు దోస్తుతోని హోటల్ల ఇడ్లీలు తింటున్నరన్నట్టు.

మీ ఉత్తరం అక్కకు పైకి చదివి వినిపించిన. పోస్ట్‌మాన్ ముచ్చట కాడ సగం మూతి నవ్వింది. ఇంకో సగం రాదు గద. ఇగ మీ ఉత్తరమొస్తే చాలు, కండ్లతోనే చదువు చదువు అంటది. పంతులమ్మగ ముప్పై ఏండ్లు మరాఠి పిల్లలకు తెలుగు, తెలుగు పిల్లలకు మరాఠి చెప్పిన నోరు. ఇప్పుడు ఎదురుంగున్న కొమురవ్వకు చాయ్‌ల చక్కెర ఎక్కువైందని చెప్పలేక కప్పు నూకుతున్నది. కొమురవ్వ మంచిదే. పొద్దున వచ్చి మాపటికి పోతది, అక్కను లేపుడు కూసోబెట్టుడు ఆమెతోనే అయితది. “నాకు కోపం గాదమ్మా, పెద్దబాయికి ఏం గావాల్నో ఎర్కైతలేదు” అని ఆమె గూడ కండ్లనీళ్లు పెట్టుకుంటది.

ప్రణతి మొన్న వచ్చి మాటలన్ని నా గొంతుతోనే రికార్డు చేసుకపోయింది. సినిమాలల్ల మాట్లాడే పిల్ల గొంతు పెడ్తనంటె అక్క తల అడ్డంగ ఊపింది. నా దిక్కు వేలు చూపెట్టింది. మా ఇద్దరి గొంతు ఒక్కతీరు అని మా అవ్వ అంటుండె. దర్వాజ అవుతల నుంచి పిలిస్తె మా బాపు గూడ గుర్తు పట్టకపోతుండె.

మీకు వస్తదంటెనే చెయ్యుండ్రి. రాకపోతె గట్లనే చెప్పుండ్రి. పరేషాన్ కావద్దు. ఈడ వానలు బాగనే ఉన్నయి, పత్తి మొలిచింది.

రాధాబాయి


కరీంనగర్
శ్రావణం, వాన వెలిసిన పూట

రాధకు,

“రాకపోతె చెప్పుండ్రి” అన్నావు చూడు, ఆ ఒక్క ముక్క కోసం నేను వారమంతా ఆ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

ముందు జావా ఎక్కించాలి. అది పొయ్యి లాంటిది. లేకపోతే పైన పెట్టిందేదీ ఉడకదు. తర్వాత సర్వర్. మనం వాడే దాని పేరు టామ్‌క్యాట్, అంటే గండుపిల్లి. జావా అన్నది కాఫీ పేరట. కాఫీ తాగుతూ పిల్లిని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు చేసిన పని అని తెలిసిపోతూనే ఉన్నది.

ఈ పిల్లిని ఇంటి యజమాని పేరు మీద నడపకూడదు. బయటివాడెవడైనా దాన్ని లొంగదీస్తే ఇల్లంతా వాడి చేతికి పోతుంది. అందుకని దాని కోసం వేరే ఒక మనిషి పేరు పుట్టించి, ఆ పేరుకు ఒక్క గది తాళం చెవి మాత్రమే ఇవ్వాలి. ఈ నియమం నాకు భలే నచ్చింది. మా పెదబాపు చెవుల గుత్తి మొత్తం అల్లుడి చేతికి ఇచ్చి, కడపటి రోజుల్లో తన మంచం తానే అడిగి తీసుకోవాల్సి వచ్చింది. ఆయనకు లైనక్స్ తెలిసి ఉంటే బాగుండేది.

నేను అన్నిటికంటే కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, దింపాను. పిల్లి లేచింది, తన బొమ్మ చూపించింది. ప్రణతి ప్రోగ్రాం దాని ముందు పెడితే మాత్రం “దొరకలేదు” అంటుంది. కళ్ల ముందు పెట్టి దొరకలేదంటే ఎట్లా? తీసి పెట్టాను, పెట్టి తీశాను. హనుమండ్లు వచ్చి “ఒక్కసారి దిష్టి తీసి చూడరాదు” అన్నాడు. చివరికి ప్రణతికి ఫోన్ చేస్తే నవ్వింది. “తాతా, కొత్త కూర్పుల లోపటి సామాన్లకు ఇంటిపేరు మార్చిండ్రు. నా ప్రోగ్రాం పాత ఇంటిపేరుతోని పిలుస్తది, ఎవ్వరు పలుకరు. తొమ్మిదో కూర్పు పెట్టు.” పెళ్లయిన కొత్తలో మా ఇంటిపేరుతో పిలిస్తే నువ్వూ వెనక్కి తిరిగేదానివి కాదు. నిన్ను అర్థం చేసుకున్నవాణ్ణి, దీన్ని చేసుకోలేకపోయాను.

తొమ్మిదోది పెట్టాను. మా ఇంట్లో తెరుచుకున్నది, బయట తెరుచుకోలేదు. లైనక్స్ తన తలుపులన్నీ లోపలి నుంచి గొళ్లెం పెట్టుకుంటుంది. అందులో పిల్లి వాడే తలుపు ఒక్కటి తీయాలి. తీశాను. అక్కడి నుంచి మీ టాబ్లెట్ దాకా దారి ప్రణతే వేసింది.

పరీక్షకు మొదట నేనే గ్లాసు బొమ్మ నొక్కాను. “నీళ్లు గావాలె” అన్నావు. లేచి వంటింట్లోకి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఎవరికివ్వాలో తోచక నేనే తాగాను.

ఇంకొక సంగతి. అక్కడ వదినె ఏ బొమ్మ నొక్కినా ఇక్కడ తెర మీద ఒక వరుస వచ్చి పడుతుంది. సర్వర్ తన దగ్గరికి ఎవరు ఏమడగడానికి వచ్చారో రాసుకుంటూ ఉంటుంది. పొద్దున్నే చాయ్ వరుస పడగానే నేనూ చాయ్ పెట్టుకుంటున్నాను. కిటికీ వరుస పడితే ఎండ వచ్చిందనుకుంటాను. మీ ఇల్లు నాకు ఇక్కడికి కొంచెం కొంచెం వస్తున్నది.

అయితే దీనికి కాపలా ఉండాలి. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ లేస్తుంది గాని పిల్లి లేవదు, నేనే చేత్తో లేపాలి. అందుకే హుస్నాబాద్ పెళ్లికి కూడా రానని చెప్పాను. ఆదిలాబాద్ రావాలని ఉన్నా ఎలా వస్తాను చెప్పు.

చొక్కారావు


ఆదిలాబాద్

మహారాజశ్రీ వారికి,

మంచి పని చేసిండ్రు. అది ముందుగాల చెప్పాలె. మొదటి దినం అక్క చాయ్ బొమ్మ నొక్కి, మాట వినవడంగనే మల్లొక్కసారి నొక్కింది. గట్ల నొక్కుతనే ఉన్నది. కొమురవ్వ చాయ్‌ల మీద చాయ్‌లు పెట్టింది.

ఇగ ఇప్పుడు నా తప్పు చెప్త, మీ తప్పు గూడ చెప్త. మీ ఉత్తరం పైకి చదువుకుంట చదువుకుంట గా వరుసల ముచ్చట గూడ చదివేసిన. నోట్లెకెల్లి వచ్చినంక ఆగిన. అక్క మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

అండ్ల దొడ్డికి బొమ్మ గూడ ఉన్నదని మీకు యాదికి రాలేదా? ఆమె మీకు వదినె. మన లగ్గం కాంచి మీ ముంగట కొంగు సరిచేసుకోకుంట నిలవడ్డది లేదు. ఆమె దొడ్డికి పోయేది మరిది కరీంనగర్‌ల కూసోని చూస్తడంటె ఎట్లుంటది? గా దినం నుంచి గా బొమ్మ ముడుతలేదు. పొద్దంత బిగవట్టుకున్నది. మాపటికి కొమురవ్వ పక్కబట్ట మారుస్తుంటె కండ్లు మూసుకొని ఏడ్సింది. సప్పుడు గూడ లేదు ఏడుపుకు.

మీరు చెడ్డ మనసుతోని చూసిండ్రని నేనంటలే. చాయ్ పెట్టుకున్నరని చదివినప్పుడు నాకు గూడ మంచిగనే అనిపించింది. గని బంద్ చెయ్యుండ్రి. బంద్ చేసినట్టు అక్కకే రాయుండ్రి. నేను చెప్తె నమ్మది.

రాధాబాయి


కరీంనగర్

వదినెకు నమస్కరించి చొక్కారావు రాయునది,

సర్వర్ ఎలా నడవాలో రాసి ఉండే ఫైలు ఒకటి ఉంటుంది. “వచ్చినవాళ్ల పద్దు రాయి” అనే ముక్క అందులో ఉంటే అది రాస్తుంది. ఆ ముక్కను ఈ పొద్దున తీసేశాను. అంతకు ముందు రాసినవి కూడా తుడిచేశాను. సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ లేపాను, అలా చేస్తేనే అది కొత్త మాట వింటుంది. ఇప్పుడు మీరు ఏ బొమ్మ నొక్కినా మాట మీ ఇంట్లో వినిపిస్తుంది, నా ఇంట్లో ఏమీ పడదు. నేను ఖాళీ తెరను చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా పెళ్లిలో నా పంచె ముడి ఊడిపోతుంటే చూసి, అందరి దృష్టి మళ్లించడానికి అక్షింతల పళ్లెం కావాలని కింద పడేసిన మనిషి మీరు. నేను ఆ మర్యాద మీకు తిరిగి ఇవ్వలేకపోయాను. మన్నించండి.

రాధా, రెండో కాగితం పైకి చదవకు.

నువ్వెళ్లింది ఉగాది ముందర. వినాయకుడు కూడా నీళ్లలో కలిసిపోయాడు. నిన్ను ఒక మాట అడగాలని ఉంటుంది, కలం దాకా వస్తుంది, ఆగిపోతుంది. నువ్వెప్పుడు వస్తావని అడిగితే, మీ అక్క ఎప్పుడు పోతుందని అడిగినట్టే కదా? ఆ రెండూ ఒకే రోజు. అందుకే జావా గురించి, పిల్లి గురించి రాస్తుంటాను. దాని ముచ్చటైతే ఎవరి చావూ కోరుకోకుండా చెప్పుకోవచ్చు.

సర్వర్ అద్దెది వద్దన్నదీ అందుకే. మీ ఇంటి పనిలో నాకొక చెయ్యి ఉండాలనిపించింది. కాపలా అన్నది సగం సాకు. నేను అక్కడికి వచ్చి కూర్చుంటే, నువ్విక ఇక్కడికి రావని ఒప్పుకున్నట్టవుతుంది. ఇంటికి తాళం వేయడానికి చెయ్యి రావడం లేదు. నీ చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి. హనుమండ్లు “రాధమ్మ వచ్చిందా?” అని లోపలికి తొంగిచూశాడు మొన్న. లేదన్నాను. వాడు టీ కూడా తాగకుండా పోయాడు.

చొక్కారావు


ఆదిలాబాద్
దసరా అయినంక

మహారాజశ్రీ వారికి,

పండుగనాడు సర్వర్ ఎందుకు బంద్ వడ్డది?

జర తెల్లగ చెప్త. మాపటీలి జమ్మి పెట్టుటానికి మైదానం కాడికి నేను, కొమురవ్వ పోయినం. పోవుడు వచ్చుడే. ఏమన్న గావాల్నంటె బొమ్మ నొక్కు, పక్కింటోళ్లు వింటరు అని టాబ్లెట్ అక్క ఒళ్లె పెట్టిపోయినం. వచ్చెవరకు అక్క నేల మీద ఉన్నది. నుదురు మీద ఉబ్బింది. దూప అయి గ్లాసు నొక్కితె మాట రానట్టున్నది. నొక్కి నొక్కి, తనే చెంబు అందుకోవోయి పడ్డది. పెద్ద దెబ్బ గాదు, ఎముకలకేం గాలేదు. దవాఖానకు తీస్కపోయినం, మందిచ్చిండ్రు.

గని ఆమె నా దిక్కు చూసిన చూపు నేను మర్వ. బొమ్మలన్ని వరుసవెట్టి నొక్కి చూపెట్టింది. ఒక్కటి పలుకలే. ఆమెకు నోరు పోవుడు గిది రెండోసారి. మొదటిసారి సోయి లేకుంట పోయింది. ఈసారి సోయిల ఉండంగ పోయింది.

మల్లనాడు పొద్దుగాల్ల అదే పలికింది. అంటే మీరు లేపిండ్రన్నట్టు.

రెండో కాగితం నేనొక్కదాన్నే చదివిన. ఎన్నిసార్లు చదివిన్నో రాయ. దానికి జవాబు రాసుడు నాతోని కాలే, ఎందుకంటె నేను గూడ మీకు ఒకటి దాచిన. వానకాలంలనే డాక్టర్ చెప్పిండు. “ఇగ ప్రాణానికి ఫికర్ లేదమ్మా. గుండె గట్టిగున్నది. ఏండ్లకేండ్లు ఉంటది. గిట్లనే ఉంటది” అన్నడు. నేను సంబురపడ్డ. గా సంబురం మీకు రాయవోయి ఆగిన. మీరు చదివి సంబురపడకపోతె? మీరు పడలేదని నాకు తెలిస్తె? గందుకే దాచిన.

ఆమెను ఇడ్సిపెట్టి నేను రాలేను. ఇది మీకు చెప్పాలె.

రాధాబాయి


కరీంనగర్

రాధకు,

సర్వర్ ఆగింది నా భక్తి వల్ల.

నలభై ఏళ్లు దసరానాడు టైపు మిషన్లు తుడిచి, బొట్టు పెట్టి, బట్ట కప్పి పడుకోబెట్టినవాణ్ణి. ఆ రోజు ఒక్క అక్షరం కూడా ఎవరూ కొట్టకూడదు. అలవాటుగా పొద్దున్నే కంప్యూటర్ ఆపి, పసుపు రాసి, నిమ్మకాయ పెట్టాను. పూజ అయ్యాక బటన్ నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. దీపం వెలిగితే పని జరుగుతున్నట్టేనని హనుమండ్లుతో కలిసి పాలపిట్టను చూడడానికి ఊరి బయటికి పోయాను. పిల్లిని విడిగా లేపాలన్నది ఆ రోజు నా తలలో లేదు. తెర మీద వరుసలు పడడం లేదు కాబట్టి తెలిసే దారీ లేదు. మర్నాడు పొద్దున గుర్తొచ్చి లేపాను. నేను పనిముట్టుకు సెలవిచ్చాననుకున్నాను. ఆగింది వదినె నోరు.

ప్రణతికి చెప్పాను. “నీకు ముందుగాల్నే చెప్పాల్సుండె తాతా, దాన్ని సర్వీసు కింద రాసి పెట్టాలె” అన్నది. ఒక చిన్న కాగితమంత ఫైలు. ఈ సర్వర్ ఎవరి పేరు మీద నడవాలి, ఏ జావాతో నడవాలి, ఎప్పుడు లేవాలి అని అందులో రాసి లైనక్స్‌కు అప్పగించాలి. అప్పుడు కంప్యూటర్ లేచినప్పుడల్లా అదే లేస్తుంది. పడిపోతే లైనక్సే పట్టి లేపుతుంది. రాశాను. నమ్మకం కుదరక ప్లగ్గు పీకి పెట్టాను, మళ్లీ పీకి పెట్టాను. ప్రతిసారీ నా చెయ్యి పడకుండానే “నీళ్లు గావాలె” అన్నావు. చేత్తో లేపుతూ ఇన్ని నెలలు కాపలా కాసింది నా మొండితనంతోనే తప్ప దానికి అవసరమై కాదు.

ఇక నువ్వు దాచిన సంగతి. నీకు అబద్ధం రాయను. మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు. కాగితం మడిచి, అంగడి దాకా నడిచి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చాను. రెండోసారి చదివినప్పుడు, నేల మీద పడి ఉన్న వదినె కనిపించింది. అప్పుడు ఆమె ఏళ్లకేళ్లు ఉంటుందన్న మాట నాకు మంచి మాటగా వినిపించింది. కొంచెం ఆలస్యంగా వినిపించింది. అంతే.

నువ్వు రాలేవు. సరే. అయితే నేను ఎవరి కోసం ఇల్లు కాస్తున్నాను?

కంప్యూటర్‌ను అట్టపెట్టెలో సర్దాను, చుట్టూ నీ పాత చీరలు కుక్కి. మనిషి ఒక ఊళ్లో, నోరు ఒక ఊళ్లో ఉండకూడదు. మీ ఇంట్లోనే పెడితే నెట్ పోయినా పలుకుతుందని ప్రణతి చెప్పింది. నేను దారిలో ఉన్నంతసేపు తన లాప్‌టాప్ మీద అదే ప్రోగ్రాం నడిపిస్తుంది, ఈసారి వదినె నోరు మూతపడదు. ఇంటి తాళంచెవులు హనుమండ్లుకు ఇచ్చాను. “వదినె ఇంట్ల పడి తింటవా దొరా? నలుగురు ఏమంటరు?” అన్నాడు. “గా నలుగురు నాకు ఇన్ని దినాలు అన్నం పెట్టిండ్రా?” అన్నాను. ముఖం తిప్పుకొని పెట్టె ఒక పక్క పట్టుకున్నాడు.

వదినెకు చెప్పు. ముందు గదిలో ఉంటాను, లోపలికి రావాల్సి వస్తే దగ్గి వస్తాను. కొమురవ్వకు చెప్పు, చాయ్‌లో చక్కెర తక్కువ.

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, జగిత్యాల మీదుగా పోయే బస్సులో నేను ముందు చేరుతానో తెలియదు. నేనే ముందు వస్తే, ఇది వచ్చిన రోజు విప్పి పైకి చదువు, మొదటి నుంచి చివరి దాకా. ఇన్నాళ్లూ నీ గొంతు ఒక్కొక్క మాటే విన్నాను. ఒక ఉత్తరమంత పొడుగు వినాలని ఉన్నది.

చొక్కారావు